చెల్లెలి మొదటి కుర్చీ

జయరాం సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడల్లా బంగారుపేటలో పెద్ద రైలు దిగి, మారికుప్పం బండి ఎక్కి, ఛాంపియన్ రీఫ్‌లో దిగేసరికి బంగారు గని కూలీల లైను ఇళ్ళవాళ్ళు ఎవరో ఒకరు ఎదురొచ్చి పెట్టె అందుకునేవాళ్ళు. మిలిటరీ జయరాం వచ్చినాడని ఒక కేక లైను ఈ చివర నుంచి ఆ చివరకు పోయేది. పదహారేళ్ళుగా అలాగే జరిగింది. ఈసారి పెట్టె అతనే మోసుకున్నాడు. లైనులో జనం లేక కాదు. ఉన్నవాళ్ళందరూ అతని ఇంటి ముందరే గుమిగూడి ఉన్నారు. అతని చెల్లెలు మునిలక్ష్మి ముందురోజే వచ్చి ఉంది.

గోడకు కొట్టిన మేకుకు ఆమె యూనిఫారం వేలాడుతోంది. తల్లి నరసమ్మ చూడాలని ఉందంటే పెట్టెలోంచి తీసి తగిలించింది. పక్కింటి మారమ్మ దగ్గరికి పోయి భుజం మీది నక్షత్రాన్ని వేలితో తడిమి, ఇది బంగారమా అని అడిగింది. గని ఆసుపత్రిలో గాయాలకు కట్టుకట్టే పని చేసి రిటైరైన ముసలి ఆంథోనీ, బంగారమైతే గేటు దగ్గరే సోదా చేసి లాక్కుని ఉండేవాళ్ళు కదా అన్నాడు. గని మూతపడి మూడేళ్ళయినా, షిఫ్టు దిగేవాళ్ళకు చేసే ఆ సోదా ఎవరూ మరచిపోలేదు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యలో జయరాం గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"వచ్చినావా నాయనా," అంది తల్లి. "ఆ పెట్టె ఆడ పెట్టొద్దు. పాప బట్టల మీద దుమ్ము పడతాది."

ఆ ఇంట్లో మునిలక్ష్మి ఇంకా పాపే. జయరాం పెట్టెను వంటింటి వైపు జరిపాడు. భార్య నారాయణమ్మ నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది. అతను తాగుతూ ఆ నక్షత్రాలనే చూశాడు. ఒక్కో భుజానికి మూడు.

అతని చొక్కా చేతి మీద ఉన్నవి మూడు గీతలు. సిపాయిగా చేరినప్పుడు అతన్ని సైన్యంలోని పళ్ళ డాక్టర్ల విభాగంలో వేశారు. డాక్టరు పక్కన నిలబడి పనిముట్లు అందించడం, పంటి గుంతలో నింపే మందు కలపడం, నోట్లో ఊరే ఉమ్మిని గొట్టంతో పీల్చడం అతని పని. ఆ పని చేస్తూ చేస్తూ హవల్దారు కావడానికి, ఆ మూడు గీతలు కుట్టించుకోవడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. మునిలక్ష్మి అతనికంటే పదేళ్ళు చిన్నది. ఇక్కడే డెంటల్ కాలేజీలో చదివింది. పళ్ళ డాక్టరు కనుక చేరిన రోజే కెప్టెన్ అయింది. లక్నోలో కొత్త డాక్టర్లకిచ్చే ట్రైనింగు కొన్ని వారాల్లో ముగించుకొని, మొదటి పోస్టింగుకు పోయేముందు పది రోజులు సెలవు పెట్టి వచ్చింది.

"ఇంగ నువ్వు పాపకి సెల్యూట్ కొట్టాల గదా జయరాం?" అన్నాడు ఆంథోనీ.

అందరితోపాటు జయరాం కూడా నవ్వాడు. నవ్వకపోతే ఏమనుకుంటారో అని ఆ నవ్వును సాయంత్రం దాకా ముఖం మీద అలాగే ఉంచుకున్నాడు. రాత్రి భోజనం వేళకు దవడలు నొప్పి పుట్టాయి.

విచిత్రం ఏమిటంటే ఆమె చేత దరఖాస్తు పెట్టించింది అతనే. పేపరులో ప్రకటన చూసి, ఫారం తెప్పించి, ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో గుర్తుపెట్టి మరీ పంపాడు. సెలక్షన్ కావాలని పంపాడా, ఎలాగూ కాదులే అనుకొని పంపాడా అని ఇప్పుడు తనను తాను అడిగితే జవాబు తోచలేదు. పంపినప్పుడు మంచి అన్న అనిపించుకున్నాడు. అది మటుకు బాగా గుర్తుంది.

జబల్‌పూర్‌లో అతను పనిచేసే డెంటల్ సెంటరు పెద్దది. అక్కడ ఒక కర్నల్ ఉన్నాడు. విరిగిన దవడలు కట్టడంలో ఆయన చేతికి పేరుంది. కాల్పుల్లో, జీపు ప్రమాదాల్లో ముఖం చితికిన జవాన్లను ఎక్కడెక్కడి నుంచో ఆయన దగ్గరికి పంపుతారు. తొమ్మిదేళ్ళుగా ఆ కర్నల్ పక్కన నిలబడేది జయరామే. ఆయన నోరు తెరిచి అడగకముందే చేతిలో వస్తువు ఉంటుంది. కొత్తగా వచ్చే కెప్టెన్లను కూడా జయరాం తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాడు. పట్టకారు పట్టుకునే తీరు చూసి ఆ మనిషి మొదట ఎక్కడ పనిచేసి వచ్చాడో చెప్పేయగలడు. మొదటి కుర్చీ, అంటే మొదట పనిచేసే చోటు, మంచిదైతే చెయ్యి కుదురుతుంది, మొదటి కుర్చీ చెడ్డదైతే ఆ చెయ్యిని తర్వాత ఎవరూ బాగు చెయ్యలేరు అని అతని నమ్మకం. పెద్ద సెంటరులో నేర్పేవాడి పక్కన రెండేళ్ళు నిలబడినవాడు పై చదువుకు ఎంపికవుతాడు. ఎక్కడో ఒక మూల ఒంటి కుర్చీ సెంటరులో పడినవాడు నెలల తరబడి పళ్ళు పీకి, గుంతలు పూడ్చి, ఉన్న కాస్త పనితనం కూడా మొద్దుబారి వస్తాడు. ఈ సంగతి లక్నోలో చెప్పరు. జయరాం లాంటివాళ్ళకే తెలుస్తుంది. అదే అతని ఆస్తి.

రెండో రోజు పొద్దున తండ్రి పిల్లప్ప పన్ను సలుపుతోందన్నాడు. పిల్లప్ప గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనిచేసేవాడు. ఇరవై ఏళ్ళ కిందట ఒక దుంగ జారి దవడ విరిగింది. అతికింది గానీ వంకరగా అతికింది. అప్పటి నుంచి ముద్దను ఎడమ బుగ్గన పెట్టుకొని నానబెట్టి మింగుతాడు. మునిలక్ష్మి తండ్రిని వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి చూసింది. చూడడానికి లైనులో పదిమంది చేరారు. టార్చి ఎవరైనా పట్టుకోండి అంది. జయరామే పట్టుకున్నాడు.

ఆమె చెంపను పక్కకు లాగింది. వెలుతురు ఎక్కడ పడాలో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు. టార్చి దానంతట అది తిరిగింది. ఆమె కళ్ళు తిప్పకుండానే కుడిచెయ్యి పక్కకు చాచింది. పళ్ళెంలో వేడినీళ్ళలో కడిగి పెట్టిన చిన్న అద్దం, చెంచా, దూది ఉన్నాయి. జయరాం చెయ్యి అద్దాన్ని తీసి, పిడి ఆమె వైపు తిప్పి, అరచేతిలో పెట్టింది.

"థ్యాంక్యూ," అంది మునిలక్ష్మి, ఇంగ్లీషులో, అతని వైపు చూడకుండా. ఆఫీసర్లు అచ్చం అలాగే అంటారు.

అందరూ అది చూశారు. ఆంథోనీ మారమ్మ వైపు చూసి కళ్ళతో ఏదో చెప్పాడు. తన చెయ్యి తనను అడగకుండా చేసిన పనికి జయరాం చెవులు వేడెక్కాయి. అంతకంటే బాధ పెట్టింది ఇంకొకటి. ఆమె చెయ్యి మంచిది. తొందర లేదు, వణుకు లేదు. వచ్చి పోయిన కెప్టెన్లలో అలాంటి చెయ్యి ఒకటో రెండో చూశాడు. తను కర్నల్ దగ్గర తొమ్మిదేళ్ళు నిలబడి కళ్ళతో నేర్చుకున్నది, చేతితో చెయ్యడానికి వీల్లేనిది, ఈమె చేతిలో పుట్టుకతోనే పెట్టి పంపినట్టు ఉంది. 

"ఈ దవడని ఎవరు కట్టినారో గానీ," అంది ఆమె తండ్రి గడ్డం వదిలి, "నేను ఈ పనే నేర్చుకుంటా, అన్నా. పళ్ళు పీకేది గాదు. ఇట్ల విరిగినోళ్ళవి కట్టేది."

మూడో రోజు ఆమె ఒక కాగితం తెచ్చి చాప మీద పరిచింది. మొదటి పోస్టింగుకు మూడు ఊళ్ళు రాసి పంపమన్నారు. రాసినవే ఇస్తామని మాట ఇవ్వలేదు, వీలైతే చూస్తామన్నారు. శనివారం లోపల ఫ్యాక్సు చెయ్యాలి. నీకు తెలిసినంత ఎవరికి తెలుసు, నువ్వే చెప్పు అని అన్న వైపు కాగితం తిప్పింది. పైన పెన్సిలుతో అప్పటికే ఒక పేరు రాసి ఉంది. జబల్‌పూర్.

జయరాం ఆ పేరు చూశాడు. అతని కళ్ళ ముందు ఆ సెంటరు వరండా కనబడింది. పొద్దున ఎనిమిది గంటలకు ఆఫీసర్లు వస్తారు. అతను నిలబడి సెల్యూట్ కొడతాడు. తొమ్మిదేళ్ళుగా కొడుతున్నాడు, ఎప్పుడూ చెయ్యి బరువనిపించలేదు. ఆ వరుసలో తను ఎత్తుకొని ముక్కు తుడిచిన పిల్ల నడిచి వస్తుంది. వెనక నిలబడ్డ నాయక్‌లు, సిపాయిలు కళ్ళప్పగించి చూస్తారు. అంతటితో పోదు. కర్నల్ పక్కన తను నిలబడే చోటు పక్కనే ఆమె నిలబడుతుంది. కర్నల్ ఆమెకు నేర్పుతాడు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన దవడ కట్టే తీగను జయరాం చేతికిచ్చి నువ్వు చుట్టి చూడు అనలేదు. అనడు కూడా. ఆమెకు రెండు నెలల్లో ఇస్తాడు.

అప్పుడు పిల్లప్ప అన్నాడు, "జబల్‌పూర్ అంటే వీడుండే ఊరు గదా?"

ఔను నాయనా, అన్న దగ్గరే ఉంటాను, నీకూ దిగులుండదు అంది మునిలక్ష్మి. పిల్లప్ప ముఖం మారింది.

గని నడిచిన రోజుల్లో ఆ లైను ఇళ్ళల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు ఒకే షాఫ్టులో, అంటే ఒకే గని బావిలో, ఒకే షిఫ్టుకు దిగరు. పిల్లప్ప చిన్నతనంలో లోపల బండలు పేలి కూలినప్పుడు ఒక ఇంటి అన్నదమ్ములు ఇద్దరూ ఒకేసారి పోయారు. ఆ ఇంట్లో కొరివి పెట్టడానికి మగదిక్కు లేకపోయింది. అప్పటి నుంచి అన్నకు పగలు పడితే తమ్ముడికి రాత్రి, తండ్రి ఒక షాఫ్టయితే కొడుకు ఇంకో షాఫ్టు. కంపెనీ పుస్తకంలో లేని రూలు అది. పిల్లప్పా అతని తమ్ముడూ ఒకే షిఫ్టులో పడినప్పుడు నరసమ్మ పోయి మేస్త్రి భార్య కాళ్ళు పట్టుకొని మార్పించుకొని వచ్చింది.

"ఒకే ఇంటోళ్ళు ఇద్దరూ ఒకే షాఫ్టులో దిగేదేంది?" అన్నాడు పిల్లప్ప. "యుద్ధం వచ్చి ఆ ఊరి మీద బాంబు పడితే నా ఇద్దరు బిడ్డలూ ఒకే పూట పోవాలనా? వద్దు. ఆ ఊరు కొట్టేయ్."

మునిలక్ష్మి నవ్వి, అది ఆసుపత్రి నాయనా, షాఫ్టు కాదు, సరిహద్దు ఎక్కడ, జబల్‌పూర్ ఎక్కడ అని నచ్చజెప్పబోయింది. నరసమ్మ మొగుడి వైపే నిలబడింది. ఇద్దరూ జయరాం వైపు చూశారు. మిలిటరీ సంగతి తెలిసినవాడు అతనే.

ఒక్క మాట చాలు. నాయనా, అట్లాంటిదేమీ లేదు, నేను చూసుకుంటాను అంటే ముసలాయన ఒప్పుకునేవాడు. ఆ మాట జయరాం నాలుక మీద దాకా వచ్చింది. ఆ వెంటనే మేకుకు వేలాడే యూనిఫారం కంటబడింది.

"నాయన చెప్పేదాంట్లోనూ న్యాయముండాది," అన్నాడు. "అయినా పాపా, ఇప్పుడు అక్కడికొచ్చి లాభం లేదు. మా కర్నల్ సారుకి బదిలీ వస్తా ఉండాది. నువ్వొచ్చేసరికి ఆయనుండడు."

ఆ మాట అబద్ధం. కర్నల్‌కు ఇంకో రెండేళ్ళు అక్కడే ఉండమని కిందటి నెలే కాగితం వచ్చింది. ఆ సంబరానికి పంచిన లడ్డూల పెట్టె మోసింది జయరామే.

మునిలక్ష్మి అతని ముఖం వైపు ఒక్క క్షణం చూసింది. తర్వాత రబ్బరు తీసుకొని ఆ పేరు చెరిపింది. మరి ఎక్కడ రాయమంటావు అని అడిగింది. జయరాం ఎడారి అంచున ఉన్న ఒక చిన్న సెంటరు పేరు చెప్పాడు. ఒకే కుర్చీ, పైన చెప్పేవాడు ఉండడు, పనంతా నీదే, చెయ్యి బాగా తిరుగుతుంది అన్నాడు. చెబుతుంటే నిజంగానే మంచి సలహా ఇస్తున్నట్టు గొంతు గట్టిపడింది. ఆ సెంటరు నుంచి వచ్చిన ఇద్దరు కెప్టెన్లను చూసి వీళ్ళ చేతులు పాడైపోయాయి అని తానే అనుకున్న సంగతి చెప్పలేదు. ఆమె రాసుకుంది. రెండోది, మూడోది కూడా అతను చెప్పినవే రాసింది.

ఆ పూట జయరాం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. కొన్ని నెలలుగా గుండె మీద ఉన్న బరువు దిగినట్టయింది. చెయ్యి కడుక్కోవడానికి అతను కొళాయి దగ్గరికి వస్తే, నారాయణమ్మ బిందె నిండేదాకా నిలబడి అతన్నే చూస్తూ ఉంది. ఆమెది కామసముద్రం వైపు. మాట తక్కువ, వేస్తే తగలాల్సిన చోటే తగులుతుంది.

"కర్నల్ సారుకి బదిలీ అంటివే," అంది. "పోయిన నెల ఫోనులో ఇంకా రెండేండ్లుంటాడు, నేనూ ఆడనే ఉండొచ్చునని సంబరపడితివే."

పని సంగతులు నీకేం తెలుసు అన్నాడు జయరాం.

"పని సంగతి తెలీదు. నీ సంగతి తెలుసు. పాపకి కాలేజీలో మెడల్ వచ్చినప్పుడు మూడు దినాలు జొరమని పడుకుంటివి." బిందె చంకన పెట్టుకొని ఆమె వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులూ జయరాం తనకు తాను న్యాయం చెప్పుకుంటూనే ఉన్నాడు. నాయన భయం నేను పుట్టించింది కాదు కదా. ఒంటి కుర్చీ సెంటరుకు ఎవరో ఒకరు పోవాలి కదా. అందరూ కష్టపడి పైకి రావాలి, నేను రాలేదా. ఇలా ఎంత చెప్పుకున్నా ఆమె చెయ్యి గుర్తొచ్చేది. మంచి చెయ్యి చెడుతుందంటే అతనికి కర్నల్ పనిముట్లకు తుప్పు పట్టినట్టు ఉండేది. అది తలుచుకొని కాస్త మెత్తబడితే, అంతలో ఎవరో ఒకరు వాకిట్లోకి వచ్చి మన కెప్టెన్ ఉందా అని అడిగేవాళ్ళు. మళ్ళీ మనసు బిగుసుకునేది.

శనివారం పొద్దున అన్నాచెల్లెళ్ళిద్దరూ రాబర్ట్‌సన్‌పేట బస్సెక్కారు. ఫ్యాక్సు చేసే అంగడి మార్కెట్టు పక్కన ఉంది. కరెంటు పోయింది, పన్నెండింటికి వస్తుంది అన్నాడు అంగడివాడు. ఎదురుగా బేకరీ ఉంటే పోయి కూర్చున్నారు. మునిలక్ష్మి రెండు కారం బన్నులు, రెండు టీలు చెప్పింది. కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. కుదురైన అక్షరాలతో ఇంకుపెన్నుతో రాసి, కింద సంతకం పెట్టి ఉంది.

టీలు వచ్చాయి.

"అన్నా, ఒక మాట చెప్తే కోపం తెచ్చుకోవు గదా?"

"చెప్పు."

"మీ కర్నల్ సారు ఇంగ రెండేండ్లు ఆడనే ఉంటాడని మాకు లక్నోలోనే చెప్పినారు. ఆయన కోసమే మా బ్యాచిలో నలుగురు జబల్‌పూర్ రాసినారు."

జయరాం టీ గ్లాసు కింద పెట్టాడు. బేకరీలో ఎవరో పాలకోవా తూకం వేయిస్తున్నారు. అతను ఆ తక్కెడ వైపు చూశాడు.

"నువ్వు ఎందుకట్ల చెప్పినావో నాకు తెలుసు," అంది మునిలక్ష్మి. ఆమె గొంతులో కోపం లేదు. "నేను ఆడికొస్తే నీ కింద పనిచేసేవాళ్ళ ముందర నువ్వు నాకు సెల్యూట్ కొట్టాల. నన్ను భుజం మీద కూర్చోబెట్టుకొని తిప్పినోడివి. అది నాకూ బాగలేదన్నా. ఆ పొద్దు నీ మొగం చూసినాక అర్థమయింది. నాయన మాటకి గాదు, నీ కోసమే చెరిపేసినాను."

"మరి దవడలు కట్టే పని?"

"యాడో ఒక తావ, ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకుంటాలే." ఆమె బన్ను తుంచి నోట్లో వేసుకుంది.

సిగ్గుపడాల్సిన సమయం అది. కొంచెం సిగ్గు వచ్చింది కూడా. కానీ దాన్ని తోసుకొని ఇంకొకటి వచ్చింది. మూడు రోజులుగా తను దొంగలా తిరుగుతూ, సరిగ్గా నిద్రపోక, పెళ్ళాం చేత మాట పడి, ఈ పిల్లకు దక్కకుండా దాచిన వస్తువును, ఈ పిల్ల తనంతట తనే తీసి అతని ఒళ్ళో పెట్టేసింది. పెట్టి బన్ను తింటోంది. తను అబద్ధమాడాడని తెలిసి కూడా, దాన్ని పదిమందిలో బయటపెట్టకుండా, దానికి ఒక మర్యాదైన కారణం కూడా వెతికిపెట్టింది. నక్షత్రాలు ఆమెవి, చెయ్యి ఆమెది, ఆఖరికి పెద్దమనసు కూడా ఆమెదేనా. అందులో కూడా తను ఆమెకు కిందేనా. ఇంటికి పోయి ముసలితనం దాకా ఈ బన్ను, ఈ టీ, ఈ మాట గుర్తుపెట్టుకొని బతకాలా. ఆ ఊహతో జయరాం ఒళ్ళంతా భగ్గుమంది.

అతను బల్ల మీది కాగితం తీసుకొని నాలుగు ముక్కలు చించాడు.

"అన్నా," అంది మునిలక్ష్మి.

అతను లేచిపోయి అంగట్లో తెల్లకాగితం కొనుక్కొచ్చి ఆమె ముందు పెట్టాడు. "రాయి. ఒకటి, జబల్‌పూర్."

ఆమె పెన్ను పట్టుకోలేదు.

"రాయమంటా ఉండా గదా. నువ్వు వదిలిపెట్టినది నేను తిని కూర్చోవాలనా? సెల్యూట్ కొట్టేది నా చెయ్యి. దానికి లేని నొప్పి నీకెందుకు?"

"నీకు నిజంగా..."

"నాకు కడుపుమంటే. ఉండాది. రేపూ ఉంటాది. దాంతో నీకేం పని? రాయి."

మునిలక్ష్మి తల వంచుకొని రాసింది. రెండోది, మూడోది కూడా ఈసారి అతను నిజంగా ఆలోచించి చెప్పాడు. రెండూ నేర్పేవాళ్ళు ఉన్న సెంటర్లే. ఒక చోట కొత్తవాళ్ళను బాగా చూస్తారు, ఇంకో చోట తిడతారు గానీ పని చేయిస్తారు అన్నాడు. ఆ ఎడారి సెంటరు ఏమయింది అని ఆమె అడగలేదు. అతను చెప్పలేదు. పన్నెండున్నరకు కరెంటు వచ్చింది. కాగితం మిషనులోకి పోయి, రెండో పక్క నుంచి బయటికి వచ్చింది. అంగడివాడు పోయిందని చీటీ ఇచ్చాడు. ఆ ఊరే ఇస్తారో లేదో పైవాళ్ళ చేతిలో ఉంది. తమ చేతిలో ఉన్నది అయిపోయింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక జయరాం ఉన్నట్టుండి మాట్లాడడం మొదలుపెట్టాడు. కర్నల్‌ది ఎడమచేతి వాటం, కుడిపక్క నిలబడితే వెలుతురుకు అడ్డమవుతుంది, చిరాకుపడతాడు. మొదటి నెలంతా కొత్తవాళ్ళ చేత ఏమీ చేయించడు, ఊరికే చూడమంటాడు. అప్పుడు విసుక్కొని పక్కచూపులు చూసినవాళ్ళకు ఇక ఎప్పటికీ తీగ ఇవ్వడు. సందేహం ఉంటే పని మధ్యలో అడగకూడదు, చేతులు కడుక్కునేటప్పుడు అడగాలి. ఈ సంగతులు అతను తొమ్మిదేళ్ళలో ఒక్క కెప్టెన్‌కు కూడా చెప్పలేదు. మునిలక్ష్మి బస్సు గోలలో వినబడక అతని వైపు వంగి వింటోంది. ఆఫీసర్లలాగా కాదు, చిన్నప్పుడు లెక్కలు చెప్పించుకునేటప్పుడు విన్నట్టు. ఆమె అలా వింటుంటే అతనికి బాగానే ఉంది. అయినా ఛాంపియన్ రీఫ్ వచ్చేసరికి సగం దగ్గర ఆపేశాడు. మిగతా సగం ఉండనీ అనుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి పిల్లప్ప భోజనానికి కూర్చుని ఉన్నాడు. ఏ ఊరు రాశారు అని అడిగాడు. మునిలక్ష్మి అన్న వైపు చూసింది.

"జబల్‌పూరే నాయనా," అన్నాడు జయరాం.

పిల్లప్ప ముద్ద తుంచబోయిన చెయ్యి ఆపాడు. నరసమ్మ గరిటె పట్టుకొని అలాగే నిలబడింది. చెప్పినాను గదరా, ఒకే షాఫ్టు వద్దని చెప్పినాను గదరా అన్నాడు ముసలాయన. ఆ వంకర దవడలోంచి మాట సగమే బయటికి వచ్చింది. జయరాం ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. బాంబుల గురించి, సరిహద్దు గురించి చెప్పి లాభం లేదని అతనికి తెలుసు. ఈ మనిషికి తెలిసిన భాష ఒక్కటే.

"షాఫ్టు ఒకటే నాయనా. షిఫ్టు వేరే. నాది పగలు, దానిది రాత్రి."

అదీ అబద్ధమే. పళ్ళ డాక్టర్లకు రాత్రి షిఫ్టు ఉండదు. పిల్లప్ప కాసేపు ఆలోచించాడు.

"కొత్త మనిషి గదా. దానికి పని చూపించే మేస్త్రి ఎవరు?"

"నేనే," అన్నాడు జయరాం.

ఆ మాట అన్న తర్వాతగానీ అది ఎంత పెద్ద మాటో అతనికి తెలియలేదు. హవల్దారు కెప్టెన్‌కు మేస్త్రి ఏమిటి. నేర్పేది కర్నల్, నేర్చుకునేది కెప్టెన్, మధ్యలో పళ్ళెం పట్టుకునేవాడు తను. అది ఈ ఇంట్లో తెలిసిన మనిషి ఇంకొకరు ఉన్నారు. అతను తల ఎత్తి చెల్లెలి వైపు చూశాడు. ఆమె నవ్వుతుందేమో, కాదంటుందేమో, ఒక చిన్న మాటతో సరిచేస్తుందేమో అని చూశాడు. చేసినా బాగుండు, చీవాట్లు పెట్టి కసి తీర్చుకునేవాడు.

"ఔను నాయనా," అంది మునిలక్ష్మి. "అన్నే నాకు మేస్త్రి."

పిల్లప్ప నమ్మాడు. అట్లయితే సరే అని ముద్ద తుంచి ఎడమ బుగ్గన పెట్టుకున్నాడు. నరసమ్మ కొడుకు ముందు కంచం పెట్టి చారు పోసింది. నారాయణమ్మ తలుపు పక్క నుంచి మొగుడి వైపు చూసింది.

జయరాం అన్నం కలుపుకుంటూ ఉన్నాడు. ఎంత తేలిగ్గా అనేసింది. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అదే తనయితే ఆ మాట అనడానికి ఎన్ని నెలలు పట్టేదో. అసలు అనేవాడేనా. తలెత్తకుండా రెండు ముద్దలు మింగాడు. మూడో ముద్ద గొంతు దిగుతుంటే, ఆరిందనుకున్న మంట లోపల ఎక్కడో మళ్ళీ మెల్లగా అంటుకుంది.